ఎండిందని పారేస్తున్నారా?

నల్లటి తీగల్లాంటి కాడలు... వాటి చివర లేతాకుపచ్చని చిట్టి విసనకర్రలు! మైడెన్‌హెయిర్ ఫెర్న్‌ను చూసి ముచ్చటపడి కొనుక్కోని మొక్కల ప్రియులు అరుదు. వేసవి దాకా దాన్ని నిలుపుకొన్నవాళ్లు ఇంకా అరుదు. ఈ నాజూకు మొక్క అలక ఎందుకో తెలుసుకుంటే దక్కన్ ఎండల్లోనూ పచ్చగా ఉంచుకోవచ్చు.

పూలు పూయదు. కాయలు కాయదు. సువాసనా లేదు. అయినా నర్సరీలో షేడ్‌నెట్ కింద ఓ మూలగా వేలాడుతున్న ఆ కుండీ దగ్గరకొచ్చేసరికి అడుగులు ఆగిపోతాయి. కొత్తిమీర ఆకు ఇంకాస్త సుకుమారం నేర్చుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది మైడెన్‌హెయిర్ ఫెర్న్. చిన్న గాలి తగిలినా కుండీ అంతా వణుకుతుంది.

కడియంలో కొన్నా, హైదరాబాద్ శివార్లలో కొన్నా ఆ తర్వాతి కథ చాలా ఇళ్లలో ఒకటే. మొదటి నెల మురిపెం. రెండో నెల ఆకుల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. నీళ్లు తగ్గాయేమోనని రెండు చెంబులు ఎక్కువ పోస్తారు. మార్చి దాటేసరికి ముట్టుకుంటే పొడిపొడి. 'ఇది మన వాతావరణానికి పడదులే' అనుకుని కుండీని చెత్తబండికి ఇచ్చేస్తారు.

అలా పోయే కుండీల్లో కొన్ని అప్పటికింకా బతికే ఉంటాయి! ఆకులు ఎండినంత మాత్రాన ఈ మొక్క చచ్చినట్టు కాదు. దీని ప్రాణమంతా మట్టిలో అడ్డంగా పాకే సన్నని కొమ్ములో ఉంటుంది. పసుపు, అల్లం దుంపల్లాగే అన్నమాట. ఆ కొమ్ము గట్టిగా ఉన్నంతవరకూ మొక్క మళ్లీ లేస్తుంది.

తడిసినా తడవదు

మైడెన్‌హెయిర్‌కు శాస్త్రీయ నామం అడియాంటమ్. తడవనిది అని దానికి గ్రీకులో అర్థం. తామరాకు మీదలాగే దీని ఆకుమీద కూడా నీటిబొట్టు ముత్యంలా జారిపోతుంది. ఈ ప్రజాతిలో ప్రపంచమంతటా కలిపి 200కు పైగా జాతులున్నాయి. మన నర్సరీల్లో ఎక్కువగా దొరికే అడియాంటమ్ రాడియానమ్ సొంతూరు అమెరికా ఖండంలోని ఉష్ణమండలం. అక్కడ పెద్ద చెట్ల నీడన, రాళ్ల సందుల్లో, జలధారల పక్కన పెరుగుతుంది.

అలాగని ఇది పూర్తిగా పరాయి మొక్క అనుకోనక్కర్లేదు. దీని అక్కచెల్లెళ్లు మన దగ్గరా ఉన్నాయి. వానాకాలంలో కొండవాగుల ఒడ్డున, తడి మట్టికట్టల మీద కనిపించే అడియాంటమ్ ఫిలిప్పెన్స్‌నే ఆయుర్వేదంలో హంసపాది అంటారు. ఆకు హంస పాదంలా ఉంటుందని ఆ పేరు. దీనికి నడిచే గుణం కూడా ఉంది. కాడ సాగి, వంగి, కొన నేలకు తగిలిన చోట వేళ్లూని మరో మొక్క మొలుస్తుంది. అక్కణ్నుంచి ఇంకో అడుగు... అలా!

మరో జాతి అడియాంటమ్ కాపిల్లస్-వెనెరిస్. రోమన్ల సౌందర్య దేవత వీనస్ కురులని దీని పేరుకు అర్థం. సున్నపురాతి బండల్లో నీరు ఊరే చోట్ల, పాత కట్టడాల తడి గోడల మీద ఇది పెరుగుతుంది.

మూడు వైద్యాలు... ఒకే గొంతు

ఈ మొక్కను అలంకారానికి పెంచడం కొత్త ముచ్చటేగానీ మనిషికి దీంతో పరిచయం చాలా పాతది. చరక సంహితలో గొంతుకు మేలు చేసే పది మూలికలను ఒక జాబితాగా చెప్పారు. అందులో అతిమధురం, పిప్పలి, ద్రాక్షల సరసనే హంసపాది ఉంది. హైదరాబాద్‌లో నేటికీ ఆదరణ ఉన్న యునానీ వైద్యంలో వీనస్ కురుల జాతిని పర్‌సియావుషాన్ అంటారు. అదీ దగ్గుకూ జలుబుకూ వాడే దినుసే. ఇక 18వ శతాబ్దంలో ఫ్రాన్స్, ఇంగ్లండ్‌లలో ఇదే ఆకుతో కాచిన కాపిల్లేర్ అనే పానకం పేరు మోసింది. మొదట దగ్గు మందుగా, తర్వాత నారింజపూల నీరు కలిపిన పానీయంగా జనం తాగేవాళ్లు.

మూడు చోట్లా మూడు సంప్రదాయాలు దీన్ని గొంతుకే ముడిపెట్టడం విశేషం. అలాగని కుండీలోని ఆకు తెంపి కషాయం కాచుకోవడం మాత్రం వద్దు. నర్సరీలో ఏ మందులు చల్లారో తెలియదు. పైగా అది మందు మొక్క జాతే కాకపోవచ్చు.

బావి గోడే గురువు

మైడెన్‌హెయిర్‌కు ఏం కావాలో తెలియాలంటే పుస్తకం అక్కర్లేదు. పాత రాతిబావిలోకి తొంగిచూస్తే చాలు. డంగుసున్నంతో కట్టిన ఆ గోడల సందుల్లో చిన్న చిన్న ఫెర్న్ గుబుర్లు వేలాడుతుంటాయి. వాటికి ఎవరూ నీళ్లు పోయరు, ఎరువు వేయరు. అయినా కళకళలాడుతుంటాయి.

కారణం... బావిలోకి వెలుతురు దిగుతుంది, ఎండ దిగదు. కింద నీళ్లుంటాయి గనక గాలి ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. వడగాలి లోపలికి రాదు. వేళ్లకు రాళ్ల సందుల్లోంచి తడి అందుతుంది కానీ నీరు నిలవదు. ఎండలేని వెలుతురు, చెమ్మగాలి, నిలవని తడి... ఈ మూడింటినీ ఇంట్లో అమర్చగలిగితే మొక్క నిలిచినట్టే. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆకు అంచులు వెంటనే చెప్పేస్తాయి.

వెలుతురు: తూర్పు లేదా ఉత్తరం కిటికీ పక్కన, వరండాలో నీడ పట్టున, పెద్ద చెట్టు కింద పెట్టాలి. పొద్దున్నే ఓ అరగంట లేత ఎండ తగిలినా ఫర్వాలేదు. మధ్యాహ్నపు ఎండ మాత్రం ఒక్క రోజు పడినా ఆకులు మాడిపోతాయి. కుండీ పక్కన కూర్చుని దీపం వేసుకోకుండా పేపరు చదవగలిగితే అక్కడ దీనికి సరిపడా వెలుతురు ఉన్నట్టే.

చెమ్మ: అసలు చిక్కంతా ఇక్కడే. ఆకు పలచన కావడంతో అందులోని నీరు చప్పున ఆవిరైపోతుంది. గాలిలో తేమ 50 శాతం పైన ఉంటే మొక్క సుఖంగా ఉంటుంది. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం లాంటి చోట్ల మే నెల మధ్యాహ్నాల్లో అది 30 శాతం కన్నా కిందికి పడిపోవడం మామూలే. అప్పుడు వేళ్ల దగ్గర ఎన్ని నీళ్లున్నా, ఆకు పోగొట్టుకున్నంత వేగంగా వేళ్లు అందించలేవు. విశాఖపట్నం, కాకినాడల్లో ఇదే మొక్క పెద్దగా పేచీ పెట్టకపోవడానికి సముద్రపు గాలే కారణం.

తడి: కుండీలో మట్టి ఎప్పుడూ పిండేసిన గుడ్డలా ఉండాలి. పూర్తిగా ఎండకూడదు, బురద కాకూడదు. ఒక్కసారి మట్టి ఎండి ఆకులు ముడుచుకుపోయాయంటే ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా ఆ ఆకులు మళ్లీ విచ్చుకోవు. వాటి స్థానంలో కొత్తవి రావాల్సిందే.

కుండలో కుండ

చాలామంది రోజుకు రెండుసార్లు స్ప్రేయర్‌తో ఆకుల మీద నీళ్లు చల్లుతుంటారు. దాని వల్ల ఒరిగేది తక్కువే. పొడిగాలిలో ఆ తుంపర కొద్ది నిమిషాల్లోనే ఆరిపోతుంది. గాలినే చెమ్మగా ఉంచే ఏర్పాటు చేయాలి.

అందుకు మంచి ఉపాయం మంచినీళ్ల కుండ దగ్గరే ఉంది. మొక్కను అడుగున రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీలో పెంచాలి. దాన్ని అంతకంటే రెండు మూడు అంగుళాలు వెడల్పున్న మట్టికుండీలో దించి, మధ్య ఖాళీలో ఇసుక నింపాలి. ఆ ఇసుకను రోజూ తడపాలి. మట్టికుండీ గోడల్లోంచి నీరు ఆవిరవుతూ చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. లోపలి కుండీలో వేళ్లు చల్లగా ఉంటాయి. బయటి కుండీకీ అడుగున రంధ్రం ఉండాలన్నది మరవకూడదు.

మొక్కలను దగ్గర దగ్గరగా పెట్టడం మరో పద్ధతి. మనీప్లాంటు, అరేకా పామ్, కలాథియాల మధ్య ఈ కుండీని ఉంచితే అవి వదిలే తేమ దీనికి ఆసరా. వెలుతురు బాగా పడే స్నానాలగది కిటికీ కూడా దీనికి ఇష్టమైన చోటే. ఏసీ గది మాత్రం పనికిరాదు. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. నీళ్ల కూలర్ ఉన్న గది కొంత నయం. అయితే గాలి సూటిగా మొక్కమీదికి కొట్టకూడదు.

బోరు నీళ్లతో తంటా

నీడలో పెట్టారు. తడి చూసుకుంటున్నారు. అయినా అంచులు గోధుమరంగుకు వస్తున్నాయా? అయితే నీళ్లను అనుమానించాలి. మన బోరు నీళ్లలో చాలాచోట్ల లవణాలెక్కువ. నీరు ఆవిరైనా అవి మట్టిలోనే పేరుకుపోతాయి. కుండీ అంచున తెల్లటి పొర కనిపిస్తే అదే గుర్తు. ఫెర్న్ వేళ్లు సన్నని వెంట్రుకల్లా ఉంటాయి, ఆ ఉప్పును తట్టుకోలేవు.

వాననీరు దీనికి అమృతం. వానలప్పుడు నాలుగు డబ్బాలు పట్టి మూతపెట్టి ఉంచుకుంటే కొన్నాళ్లు వస్తాయి. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు గనక అవీ వాడుకోవచ్చు. ఆర్వో యంత్రం శుద్ధి చేసిన నీళ్లూ మంచివే. అది బయటికి వదిలేసే నీళ్లు మాత్రం ఫెర్న్‌కు పోయకూడదు. వడకట్టిన లవణాలన్నీ ఉండేది వాటిలోనే. బోరు నీళ్లు తప్ప గతిలేనివాళ్లు నెలకోసారి కుండీలో మంచి నీళ్లు ధారగా పోసి, అడుగు నుంచి బాగా కారనివ్వాలి. పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది.

మట్టి మిశ్రమం గుల్లగా ఉండాలి. రెండు పాళ్లు కోకోపీట్, ఒక పాలు బాగా చివికిన ఆకుల ఎరువు, ఒక పాలు ముతక ఇసుక, గుప్పెడు బొగ్గు ముక్కలు కలిపితే సరి. కోకోపీట్‌లోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు కడిగి పిండాకే వాడాలి. నల్లరేగడి ఒక్క పిడికెడు కూడా వద్దు. కొమ్మును లోతుగా పాతిపెట్టకూడదు, పైపైన ఉంచితే చాలు. ఎరువు విషయంలోనూ ఇది మితాహారి. వానాకాలంలో నెలకోసారి ద్రవ ఎరువును డబ్బా మీద రాసినదానిలో సగం కన్నా తక్కువ మోతాదులో ఇవ్వాలి. యూరియా గుప్పిస్తే ఆకులు మాడతాయి.

కత్తెర పట్టండి

ఇన్ని చేసినా ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఊరెళ్లొచ్చేసరికి మొక్క మొత్తం ఎండిపోయి ఉండొచ్చు. కంగారు పడొద్దు. ముందు మట్టిని కాస్త తప్పించి కొమ్మును వేలితో నొక్కి చూడాలి. గట్టిగా ఉండి, గోటితో గీరితే లోపల పాలిపోయిన రంగో, పచ్చదనమో కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. మెత్తగా నలిగినా, పొడిగా రాలినా ఆశ వదులుకోవచ్చు.

ప్రాణం ఉన్న మొక్కకు చేయాల్సింది ఒకటే. ఎండిన కాడలన్నిటినీ మట్టికి అంగుళం పైకి కత్తిరించేయాలి. గుండు కొట్టించినట్టే! తర్వాత కుండీని చల్లటి నీడలో ఉంచి, మట్టి ఆరకుండా కొద్దికొద్దిగా నీళ్లివ్వాలి. ఆకుల్లేవు కాబట్టి ఎక్కువ నీళ్లు అక్కర్లేదు, పోస్తే కొమ్ము కుళ్లుతుంది. ఎరువు అసలే వద్దు. అన్నీ కుదిరితే రెండు నుంచి నాలుగు వారాల్లో జిలేబీ చుట్టల్లాంటి చిన్న మొలకలు తల ఎత్తుతాయి. మెల్లగా చుట్ట విప్పుకుని, లేత గులాబీ ఛాయతోనో లేతాకుపచ్చగానో విచ్చుకునే ఆ కొత్తాకులను చూడాలి... మొక్కలు పెంచేవాళ్లకు దక్కే ఆనందం అదే.

హంసపాది సంగతి ఇంకా వేరు. అది ఎండిపోవడం జబ్బు కాదు, అలవాటు. వానలు వెళ్లి పొడికాలం ముదిరేసరికి ఆకులు రాల్చేసి మట్టిలో నిద్రపోతుంది. తొలకరికి మళ్లీ లేస్తుంది. ఇలాంటి కుండీని వేసవిలో నీడన పెట్టి అప్పుడప్పుడూ నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలు.

ఆకు కింద గోధుమ గీతలు

మొక్క బాగా ఉన్నప్పుడే ఇంకో కంగారు. ఆకు తిరగేసి చూస్తే అంచు వెంబడి గోధుమరంగు చిన్న చిన్న గీతలు! పురుగు పట్టిందనుకుని మందు కొట్టేవాళ్లున్నారు. నిజానికి అవి ఈ మొక్క సంతానం. ఆకు అంచు లోపలికి మడుచుకుని, ఆ మడత కింద సిద్ధబీజాలను దాచుకుంటుంది. క్రమం తప్పకుండా అంచు వెంటే ఉంటే సిద్ధబీజాలు. కాడల మీదా ఆకుల మీదా అడ్డదిడ్డంగా అంటుకుని, గోటితో గీకితే ఊడొస్తే పొలుసు పురుగులు. పురుగులైతే తడి దూదితో తుడిచేయడం మేలు. నూనె మందులూ ఘాటు రసాయనాలూ ఫెర్న్ ఆకులకు పడవు.

పూలు లేకుండా ఫెర్న్‌లు ఎలా పుడతాయన్నది ఒకప్పుడు యూరప్‌ను వేధించిన ప్రశ్న. వాటికి కంటికి కనిపించని విత్తనం ఉంటుందనీ, అది జేబులో ఉన్న మనిషి కూడా మాయమవుతాడనీ నమ్మేవాళ్లు. జమైకాలో పనిచేసిన జాన్ లిండ్సే అనే శస్త్రవైద్యుడు ఆ దుమ్ములాంటి పొడిని చల్లి ఫెర్న్‌లు మొలిపించిన తీరును 1794లో లండన్ లిన్నియన్ సొసైటీ పత్రికలో ప్రచురించారు.

ఆ ప్రయోగం ఇంట్లోనూ చేయొచ్చు. గీతలు ముదురు గోధుమరంగుకు తిరిగిన ఆకును తెల్లకాగితంలో మడిచి రెండు రోజులుంచితే సన్నని పొడి రాలుతుంది. పారదర్శకమైన మిఠాయి డబ్బాలో తడి కోకోపీట్ పరిచి, మరిగే నీళ్లు పోసి, చల్లారాక ఆ పొడిని పలచగా చల్లి మూతపెట్టాలి. వెలుతురున్న నీడలో ఉంచితే కొన్ని వారాల్లో పచ్చటి పొర కడుతుంది. దగ్గరగా చూస్తే అవన్నీ గోరుకన్నా చిన్న హృదయాకారపు రేకులు. వాటి పేరు ప్రథాంకురాలు. ఆ రేకు అడుగున పురుషకణం స్త్రీకణాన్ని చేరాలంటే ఈదుకుంటూ వెళ్లాలి. అందుకు సన్నని నీటిపొర ఉండాల్సిందే. కాచి చల్లార్చిన నీళ్లను అప్పుడప్పుడూ తుంపరగా చల్లేది అందుకే. ఆ తర్వాతే చిట్టి ఫెర్న్‌లు లేస్తాయి. కుండీకి ఎదగడానికి ఏడాది దాకా ఓపిక పట్టాలి. అంత ఓపిక లేనివాళ్లకు జులైలో పెద్ద గుబురును కొమ్ముతో సహా రెండు మూడు ముక్కలుగా విడదీసి నాటుకోవడం తేలిక.

డాక్టరుగారి సీసా

పొడిగాలికీ పొగకూ ఫెర్న్‌లు నిలవవన్న బాధ మనకే కొత్త కాదు. లండన్‌లో బొగ్గుపొగకు తన తోటలో ఫెర్న్‌లు చచ్చిపోతుంటే నతానియెల్ వార్డ్ అనే వైద్యుడు విసిగిపోయారు. 1829లో ఆయన ఓ పురుగు గూటిని తడి మట్టితో సహా సీసాలో పెట్టి మూత బిగించారు. చిలుక బయటికి రావడం చూడాలన్నది ఆయన ఉద్దేశం. కొన్నాళ్లకు ఆ మట్టిలోంచి ఓ ఫెర్నూ ఓ గడ్డిమొక్కా మొలిచాయి. లోపలి తేమ ఆవిరై, గాజుకు తగిలి, మళ్లీ మట్టిలోకే దిగుతోందని ఆయనకు అర్థమైంది. ఇప్పుడు టెర్రేరియం పేరుతో అమ్ముతున్న గాజుపెట్టెలకు మూలం అదే. వేసవిలో మైడెన్‌హెయిర్‌ను కాపాడేందుకు పాత చేపల తొట్టె, వెడల్పు మూతి గాజు జాడీ చాలు. మూత రోజూ కాసేపు తీసి పెడితే బూజు పట్టదు. ఎండ మాత్రం తగలనీయకూడదు, లోపల మొక్క ఉడికిపోతుంది.

ఆ కథకు రెండో అంకమూ ఉంది. గాజుపెట్టెలు వచ్చాక ఇంగ్లండ్‌లో ఇంటింటా ఫెర్న్‌ల మోజు మొదలైంది. రచయిత చార్లెస్ కింగ్స్‌లీ 1855లో దానికి టెరిడోమేనియా అని, అంటే ఫెర్న్‌ల పిచ్చి అని పేరు పెట్టారు. అడవుల్లోంచి బుట్టలకొద్దీ పీకి తెచ్చి అమ్మారు. కిల్లార్నీ ఫెర్న్ లాంటి అరుదైన జాతులు చాలాచోట్ల కనుమరుగయ్యాయి.

నల్లమలకో, అరకుకో, మారేడుమిల్లికో వెళ్లినప్పుడు బండసందులో కనిపించిన ఫెర్న్‌ను వేళ్లతో లాగేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అభయారణ్యాల్లో మొక్క పీకడం చట్టరీత్యా నేరం. పైగా అడవిలోంచి లాగిన ఫెర్న్ ఇంట్లో బతకడమూ కష్టమే. ఊళ్లో పాత బావిని పూడ్చేస్తున్నారని తెలిస్తే మాత్రం ముందుగా వెళ్లి ఆ గోడ మీది గుబురును సున్నపు పెళ్లతో సహా తెచ్చుకోవచ్చు. వాటిలో వీనస్ కురుల జాతి ఉంటే దానికి సున్నమంటే ఇష్టం గనక మట్టిలో కాసిని పాత సున్నపు పెళ్లలు కలిపితే సంతోషంగా పెరుగుతుంది.

ఇక డాబా మీద ఓ మూలన పడేసిన ఎండు కుండీ ఏదైనా ఉంటే బయటికి తీయండి. కొమ్ము నొక్కి చూడండి. గట్టిగా తగిలితే కత్తెర తెచ్చుకోండి. మిగతా పని అదే చేసుకుంటుంది!